మంటకూ మంటకూ మధ్య ఎడం

మహాశివరాత్రికి హైదరాబాదులోని నారాయణగూడ, చిక్కడపల్లి వైపు నుంచి శ్రీశైలం బయలుదేరే బస్సులూ కార్లూ అచ్చంపేట దాటి మన్ననూరు చెక్‌పోస్టు చేరేసరికి నల్లమల సగం ఆకు రాల్చేసి ఉంటుంది. అక్కడి నుంచి దోమలపెంట దాకా రోడ్డంతా అమ్రాబాద్ టైగర్ రిజర్వు లోపలే పోతుంది. మొత్తం 2,611 చదరపు కిలోమీటర్ల అడవి అది. కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకు ఒకచోట మోకాలెత్తు ఎండుగడ్డి కనిపిస్తుంది. నాలుగు గజాలు దాటగానే మసిబారిన నేల, నడుమెత్తు దాకా నల్లబడ్డ చెట్లు. మళ్ళీ ఎండుగడ్డి.

కాలిన అడవిని చూడగానే ఎవరికైనా రెండు ప్రశ్నలు వస్తాయి. నిప్పు ఎవరు పెట్టారు? ఎన్ని ఎకరాలు పోయింది? మర్నాటి పేపర్లోనూ ఆ రెండింటికే జవాబులు వెతుకుతారు. అడవుల మీద పనిచేసే శాస్త్రజ్ఞులు మాత్రం మూడో ప్రశ్న దగ్గర ఆగుతారు. ఈ నేల ఇంతకుముందు ఎప్పుడు కాలింది? నిరుడా, మూడేళ్ళ కిందటా, ఇరవయ్యేళ్ళ కిందటా? మన ఎండుటాకుల అడవిలో ఒక్క మంట చేసే మార్పు రెండు వానాకాలాల్లో చాలావరకు మాసిపోతుంది. రెండు మంటల మధ్య ఉండే ఎడం చేసే మార్పు అలా మాసిపోదు. చెట్ల కింద ఏ మొక్కలుండాలో, ఏవి లేకుండా పోవాలో ఏళ్ళ తరబడి తేల్చేది ఆ ఎడమే. ఈ అధ్యాయం దాని గురించి.

చెట్ల కింద ఉన్నదెవరు

అడవి అనగానే మనకు చెట్లే గుర్తొస్తాయి. నల్లమద్ది, ఏగిస, చిరుమాను, టేకు, నారేప, ఇప్ప, మొర్రి, ఉసిరి. నిజానికి మొక్కల జాతులన్నీ లెక్కపెడితే చెట్ల వాటా చిన్నది. ఎక్కువ జాతులు మన మోకాలి కిందే ఉంటాయి. రకరకాల గడ్డి, వానతో మొలిచి చలికాలానికి చచ్చిపోయే చిన్న మొక్కలు, తీగలు, పొదలు, దుంపజాతులు, వీటి మధ్య తలెత్తడానికి చూస్తున్న చెట్ల పిల్లలు. అడవికి ఇది కింది అంతస్తు. జింకకూ దుప్పికీ మేత ఇక్కడే ఉంటుంది. చెంచులు తవ్వుకునే దుంపలూ ఇక్కడివే. రేపటి చెట్లు కూడా ఇక్కడే ఉన్నాయి. నిప్పు నడిచేదీ ఈ అంతస్తులోనే. మన అడవుల్లో మంట చెట్ల తలల మీదుగా దూకుతూ పోదు, రాలిన ఆకునూ ఎండుగడ్డినీ తింటూ నేల మీద పాకుతుంది.

ఆ పాకే మంట అందరినీ ఒకేలా తాకదు. గడ్డిని చూడండి. దాని మొగ్గలు దుబ్బు అడుగున, నేలమట్టానికి ఉంటాయి. పైన కాలేది అప్పటికే ఎండి చచ్చిన ఆకు. అది పోతే దుబ్బుకు మేలే, కొత్త పిలకకు వెలుతురు తగులుతుంది. చాలా ఏళ్ళు కాలకుండా, ఎవరూ కోయకుండా, పశువులు మేయకుండా ఉంటే పొడుగు గడ్డి తన ఎండుటాకుల నీడలో తానే చిక్కిపోతుంది. కాలిన వారం పది రోజులకే, వాన చుక్క పడకుండానే, మసిలోంచి పచ్చటి పిలక లేవడం నల్లమలలో తిరిగినవాళ్ళందరూ చూసే ఉంటారు.

దుంపజాతులది మరో దారి. అడవినాభి, నేలతాడి, అడవి కంద, కస్తూరి పసుపు వంటివి వానలు వెనక్కి తగ్గగానే పైభాగాన్ని వదిలేసుకుని మట్టిలోకి వెళ్ళిపోతాయి. ఫిబ్రవరి నుంచి మే దాకా అవి ఉన్న ఆనవాలే పైన కనిపించదు. అడవి ఉల్లి ఇంకా విచిత్రం. ఆకు లేకుండా ఎండల్లోనే, చాలాసార్లు కాలిన నేల మీదే, పూలకాడను లేపుతుంది. మన్ను వేడిని అంత తేలిగ్గా లోపలికి పోనివ్వదు. పాకే మంట ఒక్కోచోట ఉండేది కొన్ని నిమిషాలే కాబట్టి నాలుగైదు సెంటీమీటర్ల లోతున దుంపకు పెద్దగా సెగ తగలదు. ఎండిన దుంగ ఒకటి పడి రాత్రంతా రగిలినచోట మాత్రం కింద ఏదీ మిగలదు. అలాంటిచోట బూడిద కూడా తెల్లగా ఉంటుంది.

విత్తనాలకు ఇంకో కథ ఉంది. గట్టి తోలున్న కొన్ని చిక్కుడు కుటుంబపు విత్తనాలు కాస్త సెగ తగిలి తోలు చిట్లితే గానీ మొలవవు. పొగ కూడా మొలకను లేపుతుందని ఎప్పటినుంచో తెలుసు. పొగలో ఆ పని చేసే రసాయనాన్ని 2004లో పశ్చిమ ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు విడదీసి చూపించారు. ఆ కుటుంబపు రసాయనాలకు తర్వాత కారికిన్లు అని పేరు పెట్టారు. నిప్పుతో బతకడం ఎన్ని మొక్కలకు ఎంత పాత అలవాటో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇంతవరకు చదివితే నిప్పు వల్ల నష్టం ఏమీ లేదనిపిస్తుంది. నష్టపోయేది చెట్ల పిల్లలు.

మొర్రి మొక్క ఎత్తు ఎందుకు పెరగదు

నారాయణగూడ కిరాణా కొట్లలో పాయసానికి కొనే సారపప్పు మొర్రి చెట్టు గింజ. పండు వేసవిలో పండుతుంది, గింజ తొలకరికి మొలుస్తుంది. మొదటి ఫిబ్రవరికి ఆ మొక్క జానెడు కూడా ఉండదు. కాండం పుల్లంత, బెరడు కాగితమంత. అప్పుడు నిప్పొస్తే చాలా మొలకలు అక్కడితో సరి. ఒకటి రెండేళ్ళు గడిచి వేరులో కాస్త నిల్వ చేసుకున్న మొక్కయితే పైభాగం కాలినా వానలకు మళ్ళీ చిగురిస్తుంది. అయితే మళ్ళీ నేలమట్టం నుంచే మొదలుపెట్టాలి.

మంట నాలుక మామూలుగా నడుమెత్తు దాకా లేస్తుందనుకుందాం. ఆ ఎత్తు దాటి, కాండం చుట్టూ లోపలి కణాలను కాపాడేటంత మందం బెరడు కట్టుకున్న మొక్క బతికి చెట్టవుతుంది. పొడి నేలలో అందుకు ఎన్నో ఏళ్ళు పడుతుంది. ఎనిమిదేళ్ళకో పదేళ్ళకో ఒకసారి కాలే నేలలో ప్రతి తరంలోనూ కొన్ని మొక్కలు ఆ గీత దాటిపోతాయి. రెండేళ్ళకోసారి కాలే నేలలో ఏ మొక్కా దాటదు. పైభాగం కాలుతుంది, చిగురిస్తుంది, మళ్ళీ కాలుతుంది. వేరుకు ఇరవయ్యేళ్ళ వయసుంటుంది, మొక్క మోకాలి దగ్గరే ఉంటుంది. ఒకోసారి చిగురు పెట్టడానికి వేరులో నిల్వ చాలక అదీ పోతుంది. పర్యావరణ శాస్త్రంలో దీన్ని మంటల ఉచ్చు అంటారు. ఈ అడవుల్లో పెద్ద చెట్లు నిలబడే ఉంటాయి కాబట్టి దూరం నుంచి చూసేవాళ్ళకు ఏ లోటూ కనిపించదు. ఆ పెద్ద చెట్లు ముసలివై పడిపోయే రోజున వాటి చోట్లోకి రావడానికి ఎవరూ ఉండరు.

ఈ ఉచ్చులో చిక్కనివీ ఉన్నాయి. తునికి పేరు ముందు చెప్పాలి. తునికి వేళ్ళు నేలలో అడ్డంగా పాకుతాయి, వాటి మీద ఎక్కడబడితే అక్కడ పిలకలు లేస్తాయి. పైన నరికినా కాల్చినా ఒకటికి నాలుగు వస్తాయి. బీడీ పరిశ్రమ నిలబడింది ఈ గుణం మీదే. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ అడవి పల్లెల్లో కల్లాల మీద ఈ లెక్కే నడుస్తుంది. లేత, పెద్ద, మచ్చలేని ఆకు రావాలంటే అంతకు ముందే తునికి పొదలను కొట్టాలి. కొమ్మ కొట్టించే పద్ధతి ఉంది గానీ, దానికి కూలీ, సమయం కావాలి. అగ్గిపుల్లకు అవేవీ అక్కర్లేదు. ఒకసారి తగలబెడితే ఆ ఏడు ఆకు బాగా వస్తుంది, తునికి పొదలూ పెరుగుతాయి, పక్కనున్న మొర్రి మొలక పోతుంది. పది పదిహేను సార్లు అలా జరిగాక కింది అంతస్తులో తునికి, అలాంటి మరికొన్ని పిలకజాతులు, వాటి మధ్య గడ్డి మాత్రమే కనిపిస్తాయి.

సోనాలీ సాహా, హెన్రీ హౌ అనే పరిశోధకులు మనకు దగ్గర్లోని గడ్చిరోలి జిల్లా మెంఢా అడవిలో సరిగ్గా దీన్నే పరీక్షించారు. ఏటా కాలే అడవిలో కొంత నేలకు నిప్పు తగలకుండా కాపాడి పోల్చి చూశారు. 2003లో అచ్చయిన వారి ఫలితాల ప్రకారం, మంటలు వేరుపిలకలతో పెరిగే జాతులకు కలిసొస్తున్నాయి, విత్తనంతో రావాల్సిన జాతులను తగ్గిస్తున్నాయి. గోదావరికి అటు ఒడ్డు అడవి అది. చెట్లూ దాదాపు మన చెట్లే. కాబట్టి ఈ ఫలితాన్ని నల్లమలకు అన్వయించడంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం. అయితే నల్లమలలోనే అలాంటి పరీక్ష జరగడం అంతకన్నా అవసరం.

పైన్ అడవి చెప్పే ఎదురు కథ

ఇదే ప్రశ్నను అమెరికాలో పైన్ చెట్ల కింద అడిగితే జవాబు తలకిందులవుతుంది.

మన దక్కనులో సహజంగా పెరిగే పైన్ చెట్టు లేదు. లంబసింగి, చింతపల్లి వైపు కనిపించేవి నాటిన తోటలు. అసలైన పైన్ అడవుల్లో నిప్పుతో బాగా ముడిపడింది అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లోని లాంగ్‌లీఫ్ పైన్ అడవి. ఒకప్పుడు వర్జీనియా నుంచి టెక్సస్ దాకా సుమారు 9 కోట్ల ఎకరాల్లో ఉండేది. ఇవాళ అందులో చాలా చిన్న భాగమే మిగిలింది. చెట్లు ఎడంగా, మధ్యలో వైర్‌గ్రాస్ అనే సన్నటి గడ్డి, ఆ గడ్డి సందుల్లో లెక్కకు మించిన చిన్న మొక్కలు. నార్త్ కరొలైనాలోని గ్రీన్ స్వాంప్ అనే చోట జోన్ వాకర్, రాబర్ట్ పీట్ 1980ల మొదట్లో లెక్కపెట్టినప్పుడు ఏటా కాలే తడినేలలో అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు ఉన్న చదరంలో 42 జాతుల దాకా కనిపించాయి. రెండు దినపత్రికలు పరిచినంత చోటు కూడా కాదు అది. ఏటా కాలే నేలలోనే అంత వైవిధ్యం ఉంది. నిప్పు ఆగినచోట పొదలు కమ్ముకుని, ఆ చిన్న మొక్కలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి.

అక్కడి పైన్ పిల్ల మొదటి కొన్నేళ్ళు ఎత్తే పెరగదు. గడ్డి దుబ్బులా నేలకు అతుక్కుని ఉంటుంది, మొగ్గ చుట్టూ పొడుగాటి సూదుల్లాంటి ఆకులు దట్టంగా కప్పి ఉంటాయి. మంట ఆకుల కొసలను కాల్చిపోతుంది, మొగ్గ బతుకుతుంది. ఆ కాలమంతా వేరులో బలం కూడబెట్టుకుని, ఒక్కసారిగా పైకి లేచి మంట ఎత్తును దాటేస్తుంది. మన మొర్రి మొక్క దగ్గర లేని ఉపాయం ఇదే. వైర్‌గ్రాస్ కూడా వేసవి మొదట్లో కాలితేనే బాగా పూస్తుంది. ఆ నేలలో పిడుగుల వల్ల రెండు మూడేళ్ళకోసారి నిప్పు పుట్టడం వేల ఏళ్ళుగా ఉన్నదే. అంటే అక్కడి మొక్కలు ఆ ఎడానికి తగ్గట్టు తయారయ్యాయి.

ఈ సంగతి అమెరికా అటవీశాఖ చేత ఒప్పించడానికి చాలా కాలం పట్టింది. హెర్బర్ట్ స్టోడార్డ్ అనే ఆయన 1920లలో బాబ్‌వైట్ కౌజు పిట్టలు ఎందుకు తగ్గుతున్నాయో చూడటానికి వచ్చి, నిప్పు ఆపడం వల్లే వాటికి తిండి, తావు లేకుండా పోతున్నాయని తేల్చాడు. 1931లో ఆయన పుస్తకం వచ్చేనాటికి అక్కడి అధికారులకు నిప్పు మాటే గిట్టేది కాదు. 1958లో ఫ్లోరిడాలోని తల్లహాసీ దగ్గర టాల్ టింబర్స్ పరిశోధన కేంద్రం మొదలయ్యాక స్టోడార్డ్, ఆయన సహచరులు నేలను చిన్న చిన్న మడులుగా విభజించి, కొన్నింటిని ఏటా, కొన్నింటిని రెండేళ్ళకూ మూడేళ్ళకూ కాల్చే ఏర్పాటు చేశారు. కొన్నింటిని కాల్చకుండా వదిలారు. 1966 తర్వాత నిప్పు తగలని మడి ఒకటి ఆ కేంద్రంలో ఉంది. అది ఇప్పుడు పైన్ అడవే కాదు. వెడల్పాకు చెట్లు కమ్ముకున్న చీకటి తోపు. కింద గడ్డి పోయింది, గడ్డిని నమ్ముకున్న మొక్కలూ పోయాయి. చెట్లు పెరిగాయి కదా అని సంతోషించేవాళ్ళు ఒకసారి అక్కడ వంగి నేలను చూడాలి.

ఇక మన దేశపు పైన్ అడవి ఉత్తరాఖండ్, హిమాచల్ కొండల్లోని చీర్ పైన్. అక్కడా ఎండు సూదులు ఏటా దట్టంగా రాలుతాయి. జిగురున్న ఆ సూదులు ఇట్టే అంటుకుంటాయి. మేత గడ్డి కోసం నిప్పు పెట్టే అలవాటు అక్కడి పల్లెల్లో తరాల నాటిది. బెరడు మందమైన చీర్ పైన్ తట్టుకుంటుంది, పక్కనున్న ఓక్ మొలక తట్టుకోలేదు. చీర్ అడవి ఓక్ అడవిలోకి చొరబడడానికి తరచూ వచ్చే మంటలు దారి ఇస్తున్నాయని కుమావూ, గఢ్వాల్ కొండల వాళ్ళు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు.

కాబట్టి రెండేళ్ళ ఎడం అనే మాటకు దానంతటదిగా మంచీ లేదు, చెడూ లేదు. ఏ మొక్కలున్న నేలలో అన్నది కలిస్తేనే దానికి అర్థం. 1978లో పర్యావరణ శాస్త్రజ్ఞుడు జోసెఫ్ కానెల్ ఒక ఆలోచన ముందుకు తెచ్చాడు. అలజడి మరీ ఎక్కువైతే కొన్ని జాతులే మిగులుతాయి, మరీ తక్కువైతే బలమైన నాలుగు జాతులు మిగతావాటిని తోసేస్తాయి, మధ్యస్థంగా ఉన్నప్పుడే ఎక్కువ జాతులు కలిసి బతుకుతాయి అని. చదవగానే నచ్చే ఆలోచన అది, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది కూడా. కానీ ఆ 'మధ్య' ఎక్కడుందో ప్రతి అడవిలోనూ విడిగా కొలవాల్సిందే. లాంగ్‌లీఫ్ అడవిలో అది ఒకటి నుంచి మూడేళ్ళ దగ్గరుంది. మన ఆకురాల్చే అడవిలో అంతకన్నా చాలా ఎక్కువ ఉండాలని ఆధారాలు చెబుతున్నాయి.

పదేళ్ళ నుంచి మూడేళ్ళకు

ఆ ఆధారాల్లో బలమైనవి తమిళనాడులోని ముదుమలై నుంచి వచ్చాయి. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన రామన్ సుకుమార్ బృందం 1988లో అక్కడ 50 హెక్టార్ల అడవిని గళ్ళుగా గీసి, సెంటీమీటరు లావు మించిన ప్రతి కాండానికీ నంబరు కట్టి, ఇప్పటికీ లెక్క రాస్తోంది. నరేంద్రన్ కోదండపాణి, మార్క్ కాక్రేన్, సుకుమార్ కలిసి 2004లో ముదుమలై మంటల పాత రికార్డులనూ కొత్త మ్యాపులనూ పోల్చి చూశారు. 1909–1921 మధ్య ఒకే నేల మళ్ళీ కాలడానికి సగటున పదేళ్ళు పట్టేది. 1989–2002 మధ్య అది 3.3 ఏళ్ళకు పడిపోయింది. మొర్రి మొక్క గీత దాటడానికి కావలసిన ఎడమే మూడోవంతుకు కుదించుకుపోయిందన్న మాట.

అయితే నిప్పును పూర్తిగా ఆపేస్తే సరిపోతుందా? కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల అనుభవం చూడండి. అక్కడి ఆదివాసులైన సోలిగలు ఎండాకాలం మొదట్లో, మంచు తడి ఇంకా ఉండగానే, చిన్న మంటలు పెట్టి ఆకుచెత్తను కాల్చేవాళ్ళు. అభయారణ్యం వచ్చాక అది ఆగిపోయింది. ఆ తర్వాతే లంటానా కంప అడవినంతా ఆక్రమించిందని సోలిగ పెద్దలు గట్టిగా చెబుతారు. అంకిలా హిరేమఠ్, భరత్ సుందరం అక్కడ కొలిచి చూస్తే 1997 నుంచి 2008 లోపు లంటానా ఉన్న చోట్లు రెట్టింపయ్యాయి. దట్టమైన లంటానా కింద గడ్డి లేదు, మొలకా లేదు. మంట అసలే రాకూడదనుకుంటే ఎండిన లంటానా పొదలు పోగుపడి, ఎప్పుడో ఏప్రిల్‌లో అంటుకున్నప్పుడు ఆ మంట నడుమెత్తుతో ఆగదు. కాలాక ఖాళీ అయిన నేలలోకి ముందు వచ్చేదీ లంటానాయే. ఒకదాన్నొకటి పెంచుకునే ఈ చక్రం గురించి ఆ ఇద్దరు 2005లోనే హెచ్చరించారు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఎడం ఒక్కటే కాదు, నెల కూడా ముఖ్యమే. జనవరి మంట చల్లగా, మచ్చలు మచ్చలుగా నడుస్తుంది. తడి ఉన్నచోట ఆరిపోతుంది, అక్కడి మొలకలు బతుకుతాయి. ఏప్రిల్ మంట ఏదీ వదలదు. అదే మూడేళ్ళ ఎడం, ఏ నెలలో కాలిందన్నదాన్నిబట్టి వేరే అడవిని తయారుచేస్తుంది.

బ్రిటిష్ ఫారెస్టర్లు కూడా ఈ చిక్కులో పడ్డారు. 1860లలో మధ్య పరగణాల్లోని బోరీ అడవిలో కర్నల్ పియర్సన్ మొదటిసారి పద్ధతిగా నిప్పును ఆపి చూపించాక, అదే దేశమంతటికీ నియమమైంది. ముప్పై ఏళ్ళు తిరిగేసరికి బర్మా నుంచి అసమ్మతి మొదలైంది. నిప్పు ఆపిన అడవుల్లో టేకు మొలక కనిపించడం లేదని, వెదురూ పొదలూ కమ్ముకుంటున్నాయని 1896లో స్లేడ్ అనే అధికారి రాశాడు. ఆ చర్చ 'ఇండియన్ ఫారెస్టర్' పత్రికలో ఏళ్ళ తరబడి సాగింది. వాళ్ళు ఆలోచించింది కలప గురించే. గడ్డికీ దుంపకూ ఆ లెక్కల్లో చోటు లేదు.

2011లో జయశ్రీ రత్నం, మహేశ్ శంకరన్, వారి విదేశీ సహచరులు మరింత మౌలికమైన ప్రశ్న వేశారు. చెట్ల కింద ఎండను కోరే గడ్డి పరుచుకుని ఉంటే దాన్ని అడవి అనవచ్చా, లేక చెట్లున్న సవన్నా అనాలా? సవన్నా అయితే నిప్పూ, మేసే జంతువులూ దాని సహజ జీవితంలో భాగం. అక్కడ కాపాడాల్సింది గడ్డిని, గడ్డితో ఉండే చిన్న మొక్కలను. ఖాళీగా ఉంది కదా అని మొక్కలు నాటితే మేలు చేసినట్టు కాదు. నేను ఈ వాదనతో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే నల్లమల మొత్తానికి ఒకే పేరు కుదరదు. అమ్రాబాద్ పీఠభూమి మీద గడ్డి పరుచుకున్న విడిచెట్ల నేలలు ఒకరకం. సలేశ్వరం లాంటి లోయల్లో ఏడాదంతా చెమ్మ ఉండే, ఫెర్నులు పెరిగే వాగు ఒడ్లు పూర్తిగా వేరు. మొదటిదానికి కొన్నేళ్ళకోసారి చల్లటి మంట చెడు చేయదు. రెండోదానిలోకి నిప్పు అడుగే పెట్టకూడదు. చైత్ర పౌర్ణమి జాతరకు వేలమంది ఆ లోయలోకి దిగేది సరిగ్గా అడవి పూర్తిగా ఎండి ఉన్న రోజుల్లో. అందుకే అక్కడ ఒక్క బీడీ ముక్క కూడా నాకు భయం కలిగిస్తుంది.

ఎవరి దగ్గర ఏ లెక్క ఉంది

నల్లమలలో నిప్పుకు కారణాలు చాలా ఉన్నాయి. ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద ఆకు తగలబెట్టడం, కొత్త గడ్డి కోసం పశువుల కాపరులు పెట్టేది, తునికాకు, తేనె కోసం పట్టిన పొగ, బాటసారి వంట, ఆరని సిగరెట్టు. పిడుగు వల్ల వచ్చేవి చాలా అరుదు. ఎందుకంటే పిడుగులు వాన మబ్బులతోనే వస్తాయి. అడవిలో ఉండేది చెంచులు కాబట్టి నిప్పు వాళ్ళే పెడతారనడం అన్యాయం. మానవశాస్త్రజ్ఞుడు హైమెన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద వాళ్ళతో ఉండి, 1943లో పుస్తకం అచ్చువేసేనాటికి వాళ్ళు పలచగా, గుంపులు గుంపులుగా అడవంతా తిరిగేవాళ్ళు. ఇవాళ ఆ అడవి నడిబొడ్డు గుండా హైవే పోతోంది. ఫైర్ వాచర్లుగా ఎండలో బ్లోయర్లు భుజాన వేసుకుని మంట వెంట పరుగెత్తేవాళ్ళలో ఎక్కువమంది చెంచు యువకులే.

మంట ఎక్కడుందో కనిపెట్టడంలో మనం బాగా ముందుకెళ్ళాం. టెర్రా, ఆక్వా ఉపగ్రహాల్లోని మోడిస్ పరికరం ఒక కిలోమీటరు చుక్కగా, సుయోమీ ఉపగ్రహంలోని విర్స్ 375 మీటర్ల చుక్కగా వేడిని గుర్తిస్తాయి. బాలానగర్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వాళ్ళ షాద్‌నగర్ కేంద్రం ఈ ఉపగ్రహాల సమాచారాన్ని అందుకుంటుంది. దెహ్రాదూన్‌లోని ఫారెస్ట్ సర్వే నుంచి బీట్ ఆఫీసరు ఫోనుకు హెచ్చరిక వెళుతుంది. ఇరవై ఏళ్ళకు పైబడిన ఈ చుక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చితే నల్లమలలో ఏ నేల ఎన్నిసార్లు కాలిందో, మధ్యలో ఎంత ఎడం ఉందో చాలావరకు తెలుస్తుంది. చిన్న మంటలు, చెట్ల నీడ కింద సాయంత్రం నడిచి ఆరిపోయినవి ఉపగ్రహానికి చిక్కవు. వాటికి మనిషి కన్నే కావాలి.

అసలు చిక్కనిదేమిటంటే, ఆ నేల మీద ఏం మొలిచిందన్నది. దానికి ఉపగ్రహం పనికిరాదు. వంగి చూడాలి. అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ వరండాల్లో పగలూ రాత్రీ చదువుతున్న యువకుల్లో కొందరు రేపు ఫారెస్ట్ సెక్షన్ ఆఫీసర్లు, బీట్ ఆఫీసర్లు అవుతారు. వాళ్ళ నోట్సులో అడవి మంటలు 'కారణాలు, నష్టాలు, నివారణ' అనే మూడు శీర్షికల కింద అయిపోతాయి. ఎడం అనే నాలుగో శీర్షిక కూడా ఉండాలని నా కోరిక. ఎందుకంటే దాన్ని కొలిచే అవకాశం దేశంలో అందరికన్నా బీట్ ఆఫీసరుకే ఎక్కువ.

ఆ కొలత కోసం పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. ఏటా ఎండాకాలానికి ముందు అటవీశాఖ ఫైర్‌లైన్లు శుభ్రం చేస్తుంది. ఆ పట్టీల మీది గడ్డీ ఆకూ పోగుచేసి అదుపులో కాలుస్తారు. అంటే ఏటా తప్పకుండా కాలే పొడుగాటి పట్టీలు నల్లమలలో ఇప్పటికే సిద్ధంగా ఉన్నాయి. వాటికి దగ్గర్లోనే మూడేళ్ళుగా కాలని నేల, ఇంకొంచెం లోపల పదేళ్ళుగా కాలనిది దొరకవచ్చు. స్టోడార్డ్ మడులు గీసి తయారుచేసుకున్నది మనకు ఊరికే దొరికింది.

ప్రతి బీట్‌లోనూ అలాంటి మూడు రకాల చోట్లా మీటరు చదరాలు పదేసి గుర్తుపెట్టాలి. మూలలకు ఇనుప మేకులు దిగ్గొట్టాలి, కర్ర గుర్తులు మొదటి మంటకే పోతాయి. గడ్డీ దుంపలూ తొలకరి తర్వాత గానీ బయటికి రావు కాబట్టి లెక్క ఆగస్టులో తీయాలి. మోకాలి కిందున్న చెట్ల పిల్లలను విడిగా రాయాలి. విత్తనంతో వచ్చిందా, వేరుపిలకా అన్నది మొదలు దగ్గర కాస్త మన్ను తీసి చూస్తే తెలుస్తుంది. పేరు తెలియని మొక్క ఎదురైతే పక్కనున్న చెంచు వాచరును అడిగి ఆయన చెప్పిన పేరే రాసుకోవాలి, శాస్త్రీయ నామం ఉస్మానియా బాటనీ వాళ్ళు తర్వాత కలుపుతారు. అన్నింటికన్నా ముందు, రిజిస్టరులో ప్రతి చదరం పక్కన ఒక గడి గీసుకోవాలి. అది చివరిసారి కాలిన నెల, సంవత్సరం రాయడానికి.